పెద్ద సంస్థలో ఇంజినీరు పని: రాతపని, రివ్యూలు, అభ్యంతరం చెప్పే పద్ధతి

కొలతబద్ద:
నేను యంత్రాల విడిభాగాలు డిజైన్ చేసే ఇంజినీరును. కొన్నేళ్లు చిన్న సంస్థలో పనిచేసి, ఈమధ్యనే చాలా పెద్ద కార్పొరేట్ సంస్థలో చేరాను. పాతచోట ఒక బ్రాకెట్ మందం పెంచాలంటే డ్రాయింగు మార్చి, పక్క గదిలో ఉన్న తయారీ విభాగం వారికి చెప్పేవాణ్ణి. ఇక్కడ అదే మార్పుకు ఛేంజ్ రిక్వెస్ట్ (మార్పు కోరే పత్రం) పెట్టాలి, దానివల్ల ఏయే విభాగాలపై ప్రభావం పడుతుందో రాయాలి, డిజైన్ రివ్యూలో వివరించాలి, ఆమోదాలన్నీ వచ్చేదాకా ఆగాలి. వారంలో ఎక్కువ భాగం లెక్కలకూ డ్రాయింగులకూ కాక రాతకూ సమావేశాలకూ పోతోంది. ఇది ఇంజినీరింగేనా, లేక ఇంజినీరింగ్ చుట్టూ పేరుకున్న పరిపాలనా అని తెలుసుకోవాలని ఉంది.

దీనికి ముడిపడిన రెండో ప్రశ్న నన్ను ఇంకా ఎక్కువగా కలవరపెడుతోంది. మేము వాడే, లోపలి భాగాలను కప్పే ఒక ప్లాస్టిక్ హౌసింగ్‌కు వెండరు (సరఫరాదారు) మెటీరియల్ గ్రేడు మార్చాడు. పాత గ్రేడుతో చేసిన వైబ్రేషన్ (కంపన) టెస్ట్ రిపోర్టునే కొత్తదానికీ వర్తింపజేద్దామనీ, డేటా షీటులో బలం దాదాపు సమానంగానే ఉందనీ పైవారు అంటున్నారు. టెస్టు మళ్లీ చేయాలని సమావేశంలో రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ మర్యాదగా విని తర్వాతి అంశానికి వెళ్లిపోయారు. ఇటువంటి చోట అభ్యంతరాన్ని ఎలా చెబితే అది నిలుస్తుంది?

నాలుగోపాయ:
మొదటి ప్రశ్నకు నా సమాధానం, అది ఇంజినీరింగే. పని పంచుకునే మనుషులు పెరిగేకొద్దీ వారి మధ్య సమాచారం నడవాల్సిన దారులు అంతకంటే వేగంగా పెరుగుతాయి. ఐదుగురు ఉంటే ఇద్దరిద్దరి మధ్య దారులు 10, యాభై మంది ఉంటే 1,225. ఐబీఎంలో సిస్టమ్/360 యంత్రాలకు ఆపరేటింగ్ సిస్టమ్ తయారీని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి కొత్తగా మనుషులను చేరిస్తే అది మరింత ఆలస్యమవుతుందని 1975లో రాసినదానికి ఈ లెక్క ఒక ముఖ్య ఆధారం. మీ పాత సంస్థలో పక్క గదికి వెళ్లి చెప్పిన ఒక్క మాట ఆ సమాచారమంతటినీ మోయగలిగింది. ఇప్పుడు మీ బ్రాకెట్ మందం మారితే బిగించే బోల్టు పొడవు ఒకరిది, అచ్చు మరొకరిది, బరువు లెక్క ఇంకొకరిది, సర్వీస్ మాన్యువల్లో బొమ్మ వేరొకరిది, వారిలో చాలామందిని మీరు ఎన్నడూ కలవరు. వారితో మీరు మాట్లాడేది ఆ ఛేంజ్ రిక్వెస్ట్ ద్వారానే కాబట్టి, దాన్ని డ్రాయింగు గీసినంత శ్రద్ధతో రాయాలి.

మరమేకు:
నాలుగోపాయ గారితో సగమే ఏకీభవిస్తాను. పెద్ద సంస్థల్లో నేను చూసిన కాగితాలన్నీ ఆ లెక్క వల్ల పుట్టినవి కావు. ఎప్పుడో ఒక ప్రాజెక్టులో ఏదో తప్పు జరిగితే, అది మళ్లీ జరగకూడదని ఫారంలో ఒక గడి చేరుతుంది, తర్వాత ఆ యంత్రం తయారీ ఆగిపోయినా, తప్పు జరిగే అవకాశమే లేకుండా పోయినా, గడి మాత్రం మిగులుతుంది. దాన్ని తీసేస్తే రేపు ఏదైనా జరిగినప్పుడు తన పేరు వస్తుందని ఎవరూ తీయరు. కొత్తగా చేరిన ఇంజినీరుకు ఏ గడి వెనుక కారణం ఉందో, ఏది మిగిలిపోయినదో తెలియదు కనుక, అన్నిటినీ సమానమైన విసుగుతో నింపుతాడు, ప్రమాదం అక్కడ మొదలవుతుంది. ఇది ఎవరు చదువుతారు, చదివి ఏం భిన్నంగా చేస్తారు అని నేను ప్రతి పత్రం గురించీ అడుగుతాను. సమాధానం దొరికిన పత్రానికి ఒక పూట కేటాయిస్తాను, దొరకనిదాన్ని నిజాయితీగానే కానీ క్లుప్తంగా ముగిస్తాను. వీలైనప్పుడు తీసేయమని ప్రతిపాదన కూడా పెడతాను. అటువంటి ప్రతిపాదనలు మనం అనుకునేదానికన్నా తరచుగా ఆమోదం పొందుతాయి, పెట్టేవారే తక్కువ.

రాత్రిదీపం:
నాది సాఫ్ట్‌వేర్ రంగం. కాగితం లేకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే షేర్ల ట్రేడింగ్ సంస్థ కొత్త ప్రోగ్రామును ఎనిమిది సర్వర్లలో పెట్టాల్సి ఉండగా ఏడింటిలోనే పెట్టింది. ఎనిమిదో దానిలో, ఏళ్ల క్రితమే వాడుక ఆగిపోయినా తొలగించని పాత కోడు ఉంది, కొత్త ప్రోగ్రాము వాడుకున్న సంకేతమే ఆ పాత కోడును మేల్కొలిపింది. సుమారు 45 నిమిషాల్లో సంస్థకు 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది. తర్వాత అమెరికా నియంత్రణ సంస్థ చేసిన విచారణలో రెండు విషయాలు బయటపడ్డాయి. సర్వర్లలో పెట్టిన పనిని రెండో వ్యక్తి సరిచూడలేదు, అలా చూడాలన్న రాతపూర్వకమైన నియమం కూడా లేదు. అంతేకాక, మార్కెట్ తెరవకముందే ఆ వ్యవస్థ లోపాన్ని సూచిస్తూ 97 ఈమెయిళ్లు పంపింది, కానీ వాటిని హెచ్చరికలుగా చూడాలని ఎవరికీ అప్పగించి ఉండలేదు.

ఈ రెండో విషయం కొలతబద్ద గారి రెండో ప్రశ్నకు దగ్గరగా ఉంది. హెచ్చరిక వెలువడటం వేరు, ఒక మనిషి దాన్ని తన బాధ్యతగా అందుకోవడం వేరు. సమావేశంలో పదిమంది విన్న మాట ఎవరి బాధ్యతా కాకుండా పోవచ్చు.

కొలతబద్ద:
అందరికీ కృతజ్ఞతలు. మొదటి ప్రశ్న విషయంలో నా అభిప్రాయం మారింది. రాత్రిదీపం గారు చివర చెప్పిన మాటే నా ఇబ్బంది. నేను చెప్పింది పదిమంది విన్నారు. మినిట్స్‌లో (సమావేశ నమోదులో) మాత్రం ‘టెస్ట్ అంశంపై చర్చ జరిగింది’ అన్న ఒక్క వాక్యమే ఉంది.

ఉక్కుతీగ:
నేను చాలాకాలం పరీక్షల విభాగంలో పనిచేసి ఇటీవలే విరమించాను, కనుక కాస్త నిదానంగా చెప్పనివ్వండి.

పెద్ద సంస్థలో ఇంజినీరు అభ్యంతరం గురించి ఎక్కడ మాట్లాడినా నాసా వ్యోమనౌక ఛాలెంజర్ ప్రమాదం ప్రస్తావన వస్తుంది, కానీ సాధారణంగా దాన్ని ధైర్యవంతులకూ పిరికివారికీ మధ్య జరిగిన కథగా చెబుతారు. అందులోని పని వివరాలను ఎవరూ చెప్పరు. ఆ వ్యోమనౌకను పైకి లేపే బూస్టర్ రాకెట్లను తయారుచేసింది మోర్టన్ థయోకాల్ సంస్థ. దాని ఇంజినీరు రోజర్ బోయ్స్‌జోలీ, బూస్టరు భాగాలు కలిసే చోట వేడి వాయువులు బయటికి రాకుండా అడ్డుకునే రబ్బరు వలయాలు (ఓ-రింగులు) దెబ్బతినడంపై 1985 జూలై 31న ఇంజినీరింగ్ వైస్ ప్రెసిడెంటుకు మెమో రాశాడు. ఈ సమస్యపై వెంటనే ఒక బృందాన్ని నియమించకపోతే ప్రాణనష్టం దాకా వెళుతుందని అందులో స్పష్టంగానే ఉంది. 1986 జనవరి 27 రాత్రి, మర్నాటి ప్రయోగానికి ముందు, నాసాతో టెలిఫోన్ సమావేశం జరిగింది. ఓ-రింగుల ఉష్ణోగ్రత 53 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా తక్కువగా ఉంటే ప్రయోగించవద్దని థయోకాల్ మొదట సిఫారసు చేసింది. నాసా అధికారులు ఆ సిఫారసుతో విభేదించారు. థయోకాల్ వారు విడిగా చర్చించుకుంటామని కొద్దిసేపు ఫోను పక్కన పెట్టారు. ఆ చర్చలో ఇంజినీరింగ్ అధిపతిని ఇంజినీరుగా కాక మేనేజరుగా ఆలోచించమని ఒక ఉన్నతాధికారి కోరాడు. సిఫారసు తారుమారైంది. మర్నాడు ప్రయోగించిన 73 సెకన్లకు నౌక ముక్కలై, అందులోని ఏడుగురూ మరణించారు.

ఇందులో ఇంజినీరుగా నేను గమనించేది ఒకటుంది. నిరూపణ భారం ఆ రాత్రి పక్క మార్చింది. మామూలుగా ప్రయోగం సురక్షితమని నిరూపించాల్సింది ప్రయోగించాలనుకునేవారు. ఆ రాత్రి మాత్రం, ప్రయోగం కచ్చితంగా విఫలమవుతుందని వద్దన్నవారు నిరూపించాల్సి వచ్చింది, చేతిలో ఉన్న డేటాతో అది అసాధ్యం. కొలతబద్ద గారూ, మీ సమావేశంలోనూ జరిగింది అదే అయి ఉంటుందని నా ఊహ. ‘టెస్టు ఎందుకు చేయాలి’ అని మిమ్మల్ని అడిగారు. మీరు దానికి సమాధానం వెతుకుతూ కూర్చున్నారు. అసలు అడగాల్సింది ‘పాత రిపోర్టు కొత్త గ్రేడుకు వర్తిస్తుందని చెప్పడానికి ఆధారం ఏమిటి’ అని, అడగాల్సింది మీరు.

గీతలకాగితం:
ఉక్కుతీగ గారి విశ్లేషణ విలువైనదే, కానీ ఇంజినీర్లవైపు లోపాన్ని కూడా చెప్పాలి. డేటాను బొమ్మలుగా చూపే పద్ధతులపై పనిచేసిన ఎడ్వర్డ్ టఫ్టే, ఆ రాత్రి పంపిన చార్టుల్లో ఉష్ణోగ్రతనూ, ఓ-రింగులకు జరిగిన నష్టాన్నీ ఒకే గ్రాఫులో పక్కపక్కన పెట్టలేదని విమర్శించాడు. ప్రమాదంపై ఏర్పడిన రోజర్స్ కమిషన్ తన నివేదికలో అన్ని ప్రయోగాలనూ కలిపి చూసింది. 66 డిగ్రీలు, అంతకుమించిన ఉష్ణోగ్రతలో జరిగిన 20 ప్రయోగాల్లో మూడింటిలోనే నష్టం కనిపించింది. 63, అంతకన్నా తక్కువలో జరిగిన నాలుగింటిలోనూ నష్టం ఉంది. నష్టం జరిగినవాటిని మాత్రమే చూస్తే ఈ తేడా కనిపించదు, ఏమీ జరగనివాటిని కూడా చేర్చాలి. అభ్యంతరం సరైనదైనా దాన్ని చూపించిన తీరు బలహీనంగా ఉంటే నిర్ణయం తీసుకునేవారు ఒప్పుకోకపోవచ్చు.

ఉక్కుతీగ:
ఆ విమర్శ నాకు తెలుసు, దానిపై బోయ్స్‌జోలీ, మరికొందరు కలిసి రాసిన జవాబు కూడా తెలుసు. టఫ్టే విమర్శ ఇంజినీర్ల వాదననూ, వారి చేతిలో ఉన్న డేటానూ సరిగా అర్థం చేసుకోలేదన్నది వారి వాదన. ప్రమాదం జరిగాక తీరిగ్గా గీసే గ్రాఫును, కొద్ది గంటల వ్యవధిలో పిలిచిన సమావేశంలో తేవలేదని తప్పు పట్టడం నాకు న్యాయంగా తోచదు. కానీ మీరన్న ఒక మాటను పూర్తిగా అంగీకరిస్తాను. ఏమీ జరగని సందర్భాలను కూడా లెక్కలో చూపితేనే ఆధారం నమ్మదగ్గదవుతుంది. అందుకు సమయం కావాలి, ఆ సమయం సమావేశానికి ముందే తీసుకోవాలి.

మరమేకు:
ఈ చర్చకు ఇంకో ఉదాహరణ చేరుస్తాను, ఎందుకంటే కొలతబద్ద గారి సమస్యలో ఎవరూ పట్టించుకోని అంశం ఒకటుంది. జనరల్ మోటార్స్ కొన్ని కార్లలో ఇగ్నిషన్ స్విచ్ బలహీనంగా ఉండి, నడుస్తుండగానే ఇంజన్ ఆగిపోయేది, అప్పుడు ఎయిర్‌బ్యాగులు కూడా పనిచేయకపోయేవి. 2006లో ఆ స్విచ్‌ను బలపరిచే మార్పుకు ఆమోదం ఇచ్చారు, కానీ పార్ట్ నంబరు (భాగానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) మార్చలేదు. దాంతో, ప్రమాదాలను తర్వాత పరిశీలించిన సంస్థ ఇంజినీర్లకు పాత కార్లలోనూ కొత్త కార్లలోనూ ఒకే స్విచ్ ఉన్నట్టే రికార్డుల్లో కనిపించింది. కొన్ని కార్లలో ఎందుకు సమస్య వస్తోందో, మరికొన్నింటిలో ఎందుకు రావడం లేదో వారు ఏళ్లతరబడి తేల్చలేకపోయారు. రీకాల్ (కార్లను వెనక్కి పిలిపించి సరిచేయడం) 2014లో గానీ మొదలుకాలేదు. ఆ స్విచ్ వల్ల 124 మంది మరణించారని పరిహార నిధి తేల్చింది.

ఆ సంస్థ తరఫున జరిగిన విచారణ నివేదిక, అక్కడి సమావేశాల్లో ఉన్న ఒక అలవాటును కూడా నమోదు చేసింది. గదిలో అందరూ ఒక ప్రణాళికకు తల ఊపుతారు, బయటికి వచ్చాక దాన్ని అమలుచేసే ఉద్దేశం ఎవరికీ ఉండదు. మీ మినిట్స్‌లో ఉన్న ‘చర్చ జరిగింది’ అనే వాక్యం ఆ కోవలోదే.

అందుకే నా ప్రశ్న: మీ వెండరు గ్రేడు మార్చినప్పుడు పార్ట్ నంబరు గానీ, కనీసం డ్రాయింగు రివిజన్ (సవరణ సంఖ్య) గానీ మారిందా?

కొలతబద్ద:
మారలేదు. వెండరు సమాచారం ఇచ్చాడు, కొనుగోలు విభాగం దాన్ని నమోదు చేసుకుంది, డ్రాయింగులో పాత గ్రేడే ఉంది.

మరమేకు:
అలాగైతే మీ మొదటి అభ్యంతరం టెస్టు గురించి కాకూడదు, డ్రాయింగు గురించి కావాలి. డ్రాయింగులో రాసిన మెటీరియల్ ఒకటి, వస్తున్న భాగం మరొకటి అన్నది అభిప్రాయం కాదు, నాణ్యతా విభాగం తప్పించుకోలేని వాస్తవం. దాన్ని సరిచేయడానికి ఛేంజ్ రిక్వెస్ట్ పెట్టక తప్పదు, పెడితే ఆ ఫారంలోనే టెస్టు వర్తింపు ప్రశ్న వస్తుంది, దానికి ఎవరో ఒకరు పేరు రాసి సంతకం చేయాల్సి వస్తుంది. ఇంతవరకూ మీకు విసుగు పుట్టించిన వ్యవస్థే ఇక్కడ మీకు సహాయపడుతుంది.

నిచ్చెనమెట్టు:
అందరూ పద్ధతి గురించి చెబుతున్నారు, ఒక ఇంజినీరు నోరు విప్పకపోవడానికి అసలు కారణం ఎవరూ చెప్పడం లేదు. సంవత్సరాంతంలో రేటింగ్ ఉంటుంది. జాక్ వెల్ష్ అధిపతిగా ఉన్న కాలంలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ ఏటా ఉద్యోగుల్లో అట్టడుగు పదిశాతాన్ని గుర్తించే పద్ధతిని ప్రసిద్ధం చేశాక చాలా సంస్థలు అదే దారి పట్టాయి. మైక్రోసాఫ్ట్ తన పద్ధతిని 2013లో వదిలేసింది, కానీ పేరు మార్చుకుని అదే ఆలోచన అనేకచోట్ల కొనసాగుతోంది. సహోద్యోగులతో పోల్చి కొలిచేచోట, గడువు తప్పడానికి కారణమైనవాడిగా కనిపించడం ఎవరికీ ఇష్టం ఉండదు. వైఫల్యాన్ని ఆపినవాడి పని లెక్కలో కనిపించదు, ఎందుకంటే ఆగిన వైఫల్యాన్ని ఎవరూ చూడరు. యువ ఇంజినీర్లను ధైర్యంగా ఉండమని చెప్పేవారు ఈ నిజాన్ని కూడా చెప్పాలని నా విన్నపం.

ఉక్కుతీగ:
నిజమే, దానికి పూర్తి పరిష్కారం నా దగ్గర లేదు. బోయ్స్‌జోలీ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పాక తన సంస్థలోనే ఒంటరివాడై, చివరికి ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చింది. ఆ మూల్యాన్ని తక్కువ చేసి చెప్పను. అయితే రోజువారీ అభ్యంతరాల్లో ఎక్కువ భాగం ఆ స్థాయివి కావు. వాటిలో మేనేజరును ఓడించే ఉద్దేశం కనిపించకపోతే, ఆయనకు కూడా ఉపయోగపడే దారి ఒకటి చూపితే, రేటింగుకు వచ్చే నష్టం మనం భయపడినంత ఉండదని నా అనుభవం. పైగా, ఫీల్డ్ (వాడుకదారుల దగ్గర) నుంచి భాగం విరిగి వెనక్కి వచ్చిన రోజున మీ మేనేజరుకు కూడా ఆ రికార్డు అవసరమవుతుంది.

కొలతబద్ద:
అందరి సూచనల ఆధారంగా ఒక ముసాయిదా రాశాను. దయచేసి సరిచూడండి.

“హౌసింగ్ మెటీరియల్ మారినందున పాత వైబ్రేషన్ రిపోర్టుపై ఆధారపడటం ప్రమాదకరమని నేను భావిస్తున్నాను. భద్రతను దృష్టిలో ఉంచుకుని టెస్టును మళ్లీ చేయవలసిందిగా కోరుతున్నాను.”

గీతలకాగితం:
ఇందులో చదివినవారు కాదనలేని వాక్యం ఒక్కటీ లేదు. ‘భావిస్తున్నాను’ అన్నదానికి ఎదుటివారు ‘మేము అలా భావించడం లేదు’ అంటే చర్చ ముగుస్తుంది. మీ మెటీరియల్ గాజుపోగులు కలిపిన నైలాన్ అయి ఉంటుందని ఊహిస్తున్నాను. అదే అయితే రెండు విషయాలు చూడండి. నైలాన్ తేమను పీల్చుకుంటుంది, తేమతో దాని దృఢత్వం (వంగకుండా నిలిచే గుణం) గణనీయంగా తగ్గుతుంది. అందుకే డేటా షీటుల్లో పొడి స్థితి విలువలనూ, తేమ పట్టిన స్థితి విలువలనూ వేర్వేరుగా ఇస్తారు. ఒక గ్రేడు పొడి విలువనూ మరో గ్రేడు తేమ విలువనూ పోల్చి ‘సమానం’ అనుకునే పొరపాటు నేను చూశాను. రెండవది, డేటా షీటులో సమానంగా ఉన్నది లాగితే తెగే బలం. వైబ్రేషన్‌కు ముఖ్యమైనవి దృఢత్వం, అలసట బలం (పదేపదే పడే ఒత్తిడిని తట్టుకునే శక్తి). సహజ కంపన పౌనఃపున్యం (కదిలిస్తే భాగం తనంతట తాను సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ సంఖ్య) దృఢత్వపు వర్గమూలాన్ని అనుసరిస్తుంది కాబట్టి, దృఢత్వం 20 శాతం తగ్గితే ఆ పౌనఃపున్యం సుమారు 10 శాతం పైచిలుకు తగ్గుతుంది. ఇంజన్ కంపనాల పరిధికి దూరంగా ఉన్న భాగం ఆ తేడాతో పరిధిలోకి రావచ్చు. రాకపోవచ్చు కూడా. అది లెక్క వేసి చూపగలిగిన విషయం, ముందు లెక్క వేయండి.

రాత్రిదీపం:
దానితోపాటు నిర్ణయం ఎవరిది, ఎప్పటిలోగా అన్నవి తప్పకుండా ఉండాలి. పేరూ గడువూ లేకపోతే మీ ఈమెయిలు నేను చెప్పిన ఆ 97లో చేరుతుంది.

నాలుగోపాయ:
ఒకే మార్గాన్ని అడగకండి. పూర్తి టెస్టు మళ్లీ చేయడం ఒకటి, కొన్ని నమూనాలపై రెజొనెన్స్ (సహజ కంపన పౌనఃపున్యం) కొలిచి పాతదానితో పోల్చడం ఇంకొకటి. రెండోది చాలా తక్కువ సమయంలో అయిపోతుంది, పైగా పూర్తి టెస్టు అవసరమో కాదో అదే చెబుతుంది. గడువు ఒత్తిడిలో ఉన్న మేనేజరు మొదటిదాన్ని కాదన్నా రెండోదాన్ని ఒప్పుకునే అవకాశం ఉంది.

కొలతబద్ద:
గీతలకాగితం గారి ఊహ సరైనదే, అది గాజుపోగుల నైలానే. డేటా షీటులను మళ్లీ తీసి చూశాను. పైవారు పోల్చిన విలువలు రెండూ పొడి స్థితివే, కనుక ఆ పొరపాటు లేదు. కానీ తేమ పట్టిన స్థితిలో కొత్త గ్రేడు దృఢత్వం పాతదానికన్నా స్పష్టంగా తక్కువ. సవరించిన ముసాయిదా ఇది:

“డ్రాయింగులో పేర్కొన్న గ్రేడు, ప్రస్తుతం వస్తున్న భాగాల గ్రేడు వేర్వేరు. డ్రాయింగును సరిచేస్తూ కొత్త రివిజన్ కోసం ఛేంజ్ రిక్వెస్ట్ పెడుతున్నాను. రెండు గ్రేడుల తెగే బలం పొడి స్థితిలో సమానమే, కానీ తేమ పట్టిన స్థితిలో కొత్తదాని దృఢత్వం తక్కువ. దీనివల్ల సహజ కంపన పౌనఃపున్యం ఎంత తగ్గుతుందో, అది ఇంజన్ కంపనాల పరిధికి ఎంత దగ్గరవుతుందో జతచేసిన లెక్కలో చూపాను. పాత రిపోర్టు కొత్త గ్రేడుకు వర్తిస్తుందని చెప్పే ఆధారం ఇప్పటివరకు ఫైలులో లేదు. కాబట్టి రెండు మార్గాల్లో ఒకటి ఎంచుకోవలసి ఉంది: తేమ పట్టించిన నమూనాలపై రెజొనెన్స్ కొలత, లేదా పూర్తి టెస్టు. ఈ రెండూ అవసరం లేదని నిర్ణయిస్తే, ఆ నిర్ణయానికి కారణాన్నీ, ఆమోదించినవారి పేరునూ ఛేంజ్ రిక్వెస్ట్‌లో నమోదు చేయవలసిందిగా కోరుతున్నాను. తర్వాతి బ్యాచ్ విడుదలకు ముందు ఈ నిర్ణయం అవసరం.”

ఉక్కుతీగ:
ఇది పంపదగ్గ లేఖ. రెండు చిన్న సూచనలు మాత్రమే. ఈమెయిలు పంపేముందు మీ మేనేజరుకు విడిగా చూపించండి. పదిమంది ముందు మొదటిసారి చూస్తే ఆయన తనను తాను సమర్థించుకునే స్థితిలో పడతారు, ముందే చూస్తే మీ ప్రతిపాదనలో భాగస్వామి అయ్యే అవకాశం ఉంది. రెండవది, ఇప్పటికే వచ్చి స్టోరులో ఉన్న కొత్త గ్రేడు భాగాల సంగతి ఇందులో లేదు. అవి ఏ బ్యాచ్ నుంచి మొదలయ్యాయో కొనుగోలు విభాగాన్ని అడిగి, ఆ వివరాన్ని మొదటి పేరాలోనే చేర్చండి.

కొలతబద్ద:
రెండూ చేస్తాను. బ్యాచ్ వివరాల కోసం కొనుగోలు విభాగానికి ఇప్పుడే రాశాను, మేనేజరుతో రేపు ఉదయం మాట్లాడతాను.